గ్యాస్ పైప్‌లైన్ రాని ఊళ్ళో కొత్త ఇల్లు: హీటింగ్ ఎలా ఎంచుకోవాలి

అమెరికాలో టౌన్‌కి దూరంగా, ఒకటో రెండో ఎకరాల స్థలంలో ఇల్లు కొనుక్కోవాలని చాలా తెలుగు కుటుంబాలకి ఉంటుంది. కూరగాయల మడులు, చెట్లు, పిల్లలు పరిగెత్తడానికి చోటు, వీటన్నిటి గురించీ ముందే ఆలోచిస్తాం. హీటింగ్ గురించి మాత్రం క్లోజింగ్ (ఇల్లు మన పేరు మీదికి రావడం) అయ్యాక, అక్టోబర్ చివర్లో ఆలోచన మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టర్లు దొరకరు, దొరికినా వాళ్ళు చెప్పిందే వేదం. ఆంధ్రాలోనో తెలంగాణలోనో పెరిగిన మనకి ఇంట్లో వేడి చేసే యంత్రమంటే గీజరే. సబర్బ్ ఇళ్ళలో గ్యాస్ లైన్, ఫర్నేస్ ముందే ఉంటాయి కాబట్టి అమెరికా వచ్చాక కూడా ఈ విషయం నేర్చుకునే అవసరం పడదు. పల్లె ఇంట్లో పడుతుంది. నేచురల్ గ్యాస్ పైపు చాలాచోట్ల సబర్బ్ దాటి రాదు. అక్కడి నుంచి ఏ ఇంధనం, ఏ యంత్రం అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేది న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగం, పెన్సిల్వేనియా, న్యూ ఇంగ్లాండ్, ఒహాయో, మిచిగన్ లాంటి చలి ప్రాంతాల కోసం. కొత్తగా కట్టించుకుంటున్నా, కట్టిన ఇల్లు కొంటున్నా చేయాల్సిన పనుల వరస ఇదే.

1. యంత్రం కంటే ముందు ఇంటి లెక్క

ఎవరైనా కాంట్రాక్టర్ ఇంటికొచ్చి, చదరపు అడుగులు అడిగి, "లక్ష బీటీయూ ఫర్నేస్ పెట్టేద్దాం" అంటే అక్కడే ఆపండి. బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్. చదరపు అడుగుల్ని బట్టి హీటింగ్ సైజు చెప్పడం ఊహే తప్ప లెక్క కాదు. ఒకే 2,400 చదరపు అడుగులు. బాగా ఇన్సులేషన్ చేసిన కొత్త ఇంటికి గంటకి 40,000 బీటీయూ సరిపోవచ్చు, గాలి దూరే పాత ఫామ్‌హౌస్‌కి 80,000 కూడా చాలకపోవచ్చు.

సరైన లెక్క పేరు మాన్యువల్ జె. గోడలు, కిటికీలు, అటిక్ (కప్పు కింది ఖాళీ), నేల, గాలి దూరే సందులు అన్నీ చూసి, మీ ప్రాంతపు డిజైన్ టెంపరేచర్ దగ్గర ఇల్లు గంటకి ఎన్ని బీటీయూల వేడి పోగొట్టుకుంటుందో గది గదికీ తేలుస్తారు. డిజైన్ టెంపరేచర్ అంటే ఏడాదిలో 99 శాతం గంటలు వాతావరణం దానికంటే వెచ్చగానే ఉండే అంకె. ఈ రిపోర్టు కాగితం మీద మీ చేతికి రావాలి. కొత్త ఇల్లు కట్టిస్తుంటే బిల్డర్‌ని పర్మిట్ సమయంలోనే అడగండి.

సైజు ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటాం. కాదు. పెద్ద ఫర్నేస్ నాలుగైదు నిమిషాలు మండి ఆగిపోతుంది, మళ్ళీ మండుతుంది. హాల్ ఉడికిపోతుంటుంది, చివరి బెడ్‌రూమ్ చల్లగానే ఉంటుంది. యంత్రం ఆయుష్షు తగ్గుతుంది. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే కరెంటు యంత్రం) విషయంలో అయితే కరెంటు ఖర్చు కూడా పెరుగుతుంది.

కట్టిన ఇల్లు కొంటుంటే బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించండి. ముందు తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లో గాలిని బయటికి లాగి, సందుల్లోంచి ఎంత గాలి లోపలికి వస్తోందో కొలుస్తారు. 2021 ఎనర్జీ కోడ్ ప్రకారం చలి ప్రాంతాల్లో కొత్త ఇంటికి ఈ టెస్టులో పరిమితి గంటకి 3 గాలి మార్పులు, అంటే ఇంట్లోని గాలంతా మూడుసార్లు మారడం. పాత ఇంట్లో 10, 15 రావడం మామూలే. అలా వస్తే మీ మొదటి డాలర్లు సందులు మూయడానికి, అటిక్ ఇన్సులేషన్‌ని ఆర్-49, ఆర్-60 మధ్యకి తేవడానికి ఖర్చు చేయండి (ఆర్ అంకె పెరిగేకొద్దీ వేడిని బాగా ఆపుతుంది). ఆ పని అయ్యాక కొనాల్సిన యంత్రం చిన్నదవుతుంది. చాలా రాష్ట్రాల్లో కరెంటు కంపెనీ ద్వారా ఈ ఎనర్జీ ఆడిట్ తక్కువ ధరకో ఉచితంగానో దొరుకుతుంది. ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

2. ఆ అడ్రసుకి ఏమేం వస్తాయో కనుక్కోవడం

ఇది ఆఫర్ పెట్టే ముందే చేయగలిగిన పని. గ్యాస్ కంపెనీకి అడ్రస్ చెప్పి, మెయిన్ లైన్ ఎంత దూరంలో ఉందో అడగండి. రోడ్డు మీద లైన్ ఉన్నా, పొడవాటి డ్రైవ్‌వే చివర ఉన్న ఇంటి దాకా పైపు లాగే ఖర్చు మీదే కావచ్చు. కరెంటు రేటు చూడండి. కిలోవాట్ అవర్‌కి సప్లై, డెలివరీ రెండూ కలిపి ఎంత పడుతుందో తీసుకోవాలి, సప్లై ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. అమ్మేవాళ్ళని గత రెండు చలికాలాల హీటింగ్ బిల్లులు అడగండి. సిగ్గు పడాల్సిన పని లేదు, అందరూ అడుగుతారు. ఇంటి కరెంటు ప్యానెల్ (బ్రేకర్ల పెట్టె) 100 ఆంప్స్‌దా, 200 ఆంప్స్‌దా చూడండి. హీట్ పంప్, బ్యాకప్ హీటర్, కారు ఛార్జర్ అన్నీ 100 ఆంప్స్ మీద నడపడం కష్టం.

డ్రైవ్‌వే కూడా చూడండి. మంచు పడ్డాక ప్రొపేన్, ఆయిల్ ట్రక్కులు పైకి రాగలవా? బాగా ఏటవాలుగా ఉంటే, మంచు తీయకపోతే, డ్రైవర్ వెనక్కి వెళ్ళిపోతాడు.

3. మిలియన్ బీటీయూకి ఎంత పడుతుంది

గ్యాలన్ల ధరని కిలోవాట్ ధరతో నేరుగా పోల్చలేం. అన్నిటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఒక మిలియన్ బీటీయూల వేడి ఇంట్లోకి రావడానికి అయ్యే ఖర్చు ఆ కొలత. యంత్రం ఎఫిషియెన్సీని కూడా కలుపుకుని లెక్క ఇలా చేయండి:

- ప్రొపేన్ (95 శాతం ఫర్నేస్): గ్యాలన్ ధరని 11.5తో గుణించండి.
- హీటింగ్ ఆయిల్ (85 శాతం): గ్యాలన్ ధర × 8.5.
- నేచురల్ గ్యాస్ (95 శాతం): థర్మ్ (గ్యాస్ బిల్లులో ఉండే కొలత) ధర × 10.5.
- మామూలు ఎలక్ట్రిక్ హీటర్: కిలోవాట్ అవర్ ధర × 293.
- హీట్ పంప్: కిలోవాట్ అవర్ ధర × 293, దాన్ని సీజన్ సగటు సీఓపీతో (ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని యూనిట్ల వేడి వస్తుందో ఆ అంకెతో) భాగించండి. చలి ప్రాంతంలో 2.5 వేసుకోవచ్చు.
- గట్టి కట్టెలు: ఒక కార్డ్ (కట్టెలు అమ్మే కొలత) ధరని 14తో భాగించండి.

ఉదాహరణకి కరెంటు 16 సెంట్లు, ప్రొపేన్ 2.75 డాలర్లు, ఆయిల్ 3.75 డాలర్లు అనుకుందాం. హీట్ పంప్‌తో మిలియన్ బీటీయూ సుమారు 19 డాలర్లు. ప్రొపేన్, ఆయిల్ రెండూ 32 దగ్గర. మామూలు ఎలక్ట్రిక్ హీటర్ 47. ఇంటికి సీజన్ మొత్తానికి 80 మిలియన్ బీటీయూలు కావాలంటే హీట్ పంప్‌కి 1,500 డాలర్లు, ప్రొపేన్‌కి 2,500 అవుతుంది. ఏడాదికి వెయ్యి డాలర్ల తేడా.

ఇప్పుడు అదే లెక్కలో కరెంటు 30 సెంట్లు వేయండి. న్యూ ఇంగ్లాండ్‌లో చాలాచోట్ల రేటు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. హీట్ పంప్ ఖర్చు మిలియన్‌కి 35 డాలర్లు దాటి ప్రొపేన్‌ని మించిపోతుంది. అందుకే వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు "మాకు హీట్ పంప్‌తో బిల్లు సగమైంది" అన్నా, "రెట్టింపైంది" అన్నా, రెండూ నిజమే అయి ఉండవచ్చు. మీ బిల్లులో ఉన్న రేటుతో మీరే లెక్క వేసుకోండి. ఇంటి మీద సోలార్ పెట్టే ఆలోచన ఉంటే ఆ రేటు వేరే.

4. ఒక్కొక్కటీ ఎలా ఉంటుంది

హీట్ పంప్. ఏసీ వేసవిలో ఇంట్లోని వేడిని బయట పారేస్తుంది. హీట్ పంప్ చలికాలంలో ఆ పనినే తిరగేసి, బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని పట్టి లోపలికి తెస్తుంది. ఇండియాలో హాట్ అండ్ కోల్డ్ ఏసీ అని అమ్మేది ఇదే. వేడిని పుట్టించకుండా మోసుకొస్తుంది కాబట్టి, ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఆ నిష్పత్తే సీఓపీ. వేసవిలో ఏసీ కూడా దీనితోనే అయిపోతుంది. కొత్త ఇంటికి ఇది పెద్ద లాభం, రెండు యంత్రాలు కొనక్కర్లేదు.

"చలి ఎక్కువైతే పనిచేయదు" అనే మాట పాత మోడళ్ళ కాలం నాటిది. ఇప్పుడు కోల్డ్ క్లైమేట్ మోడళ్ళు మైనస్ 15 ఫారెన్‌హీట్ దాకా, అంటే మైనస్ 26 సెల్సియస్ దాకా వేడి ఇస్తాయి. అయితే చలి పెరిగేకొద్దీ వాటి శక్తి, సీఓపీ రెండూ తగ్గుతాయి. ఇక్కడే కొనేవాళ్ళు పొరబడతారు. బ్రోషర్ మీద 36,000 బీటీయూ అని రాసి ఉంటే అది సాధారణంగా 47 డిగ్రీల దగ్గర కొలిచినది. మీకు కావాల్సింది 5 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుందో. ఆ అంకెను మాన్యువల్ జె రిపోర్టు పక్కన పెట్టి చూడండి. ఈశాన్య రాష్ట్రాల కోసం పనిచేసే నీప్ అనే సంస్థ కోల్డ్ క్లైమేట్ హీట్ పంపుల జాబితాని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. మోడల్ నంబర్ కొడితే 5 డిగ్రీల దగ్గరి శక్తి, సీఓపీ కనిపిస్తాయి. కొటేషన్ చేతికి రాగానే ఇది తప్పకుండా చూడండి.

డక్టులు (గదులకి గాలి పంపే గొట్టాలు) ఉన్న ఇంటికి సెంట్రల్ హీట్ పంప్, లేని ఇంటికి గోడ మీద బిగించే మినీ స్ప్లిట్లు. బయట యూనిట్‌ని నేల మీద పెట్టనివ్వకండి. మీ ఊళ్ళో పేరుకునే మంచు కంటే ఎత్తైన స్టాండ్ మీద ఉండాలి. కప్పు మీది మంచు కరిగి నీళ్ళు దాని మీద పడే చోటు కూడా వద్దు. అప్పుడప్పుడూ అది డీఫ్రాస్ట్ అవుతుంది, అంటే తన మీద పేరుకున్న మంచుని కరిగించుకుంటుంది, ఆవిరి పొగలా లేస్తుంది, ఆ కరిగిన నీళ్ళు కింద గడ్డకడతాయి. కాబట్టి నడిచే దారి పక్కన పెట్టొద్దు, జారిపడతారు.

అలవాటు చేసుకోవాల్సినవి రెండున్నాయి. ఫర్నేస్ గాలి చేతికి వేడిగా తగులుతుంది, హీట్ పంప్ గాలి గోరువెచ్చగానే ఉంటుంది కానీ ఎక్కువసేపు వస్తుంది. యంత్రం పాడైందని టెన్షన్ పడకండి. రెండోది, రాత్రి పూట థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున్నే పెంచే అలవాటు దీనికి పనికిరాదు. ఒక్కసారిగా ఆరేడు డిగ్రీలు పెంచితే లోపలి ఎలక్ట్రిక్ బ్యాకప్ హీటర్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద ఆక్స్ హీట్ అని పడుతుంది. అది మామూలు హీటర్ ధరకి నడిచే వేడి. ఒక అంకె దగ్గర పెట్టి వదిలేయండి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. హీట్ పంపులకి 2,000 డాలర్ల దాకా, జియోథర్మల్‌కి ఖర్చులో 30 శాతం ఇచ్చిన ఫెడరల్ టాక్స్ క్రెడిట్లు 2025 డిసెంబర్ 31తో ముగిశాయి. ఆ తర్వాత పెట్టించే సిస్టమ్‌కి ఆ తగ్గింపు కలిపి ధర చూపిస్తే నమ్మకండి. రాష్ట్ర ప్రభుత్వం, కరెంటు కంపెనీ ఇచ్చే రిబేట్లు వేరు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ నడిపే డిజైర్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే అవి కనిపిస్తాయి.

ప్రొపేన్. ఇది మనకి కొత్త గ్యాసేమీ కాదు, ఇండియాలో వంట సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాసే. ఇక్కడ ఇంటి బయట 500 గ్యాలన్ల ట్యాంకు పెడతారు. 80 శాతమే నింపుతారు కాబట్టి 400 గ్యాలన్లు పడుతుంది. అంటే మన 14.2 కేజీల సిలిండర్లు 50కి పైగా ఒక్కచోట ఉన్నట్టు. పై లెక్కలోని ఇంటికి సీజన్‌కి 900 గ్యాలన్లు దాటుతుంది, కాబట్టి రెండు మూడు సార్లు నింపించాలి. స్థలం ఉంటే వెయ్యి గ్యాలన్ల ట్యాంకు మంచిది, ధర తక్కువగా ఉండే వేసవిలోనే చాలావరకు నింపి పెట్టుకోవచ్చు. 500 గ్యాలన్ల ట్యాంకు ఇంటికి, సరిహద్దుకి కనీసం 10 అడుగుల దూరంలో, వెయ్యి గ్యాలన్లది 25 అడుగుల దూరంలో ఉండాలి. కొత్త ఇల్లయితే ల్యాండ్‌స్కేపింగ్‌కి ముందే భూమిలో పాతించేయండి.

దీనితో వంట స్టవ్, వేడినీళ్ళు, జెనరేటర్, హీటింగ్ అన్నీ నడుస్తాయి. పెద్ద మంట మీద వండుకోవడం అలవాటైన మన వంటింటికి ఇది నిజంగా ఉపయోగం. ఇంటికి వేడి హీట్ పంపే ఇచ్చినా, వంటకీ జెనరేటర్‌కీ చిన్న ప్రొపేన్ ట్యాంకు ఉంచుకోవడం నాకు నచ్చిన ఏర్పాటు.

ఇబ్బందంతా కాంట్రాక్టులో ఉంటుంది. ట్యాంకు కంపెనీదైతే, అంటే లీజు ట్యాంకైతే, ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ అందులో గ్యాస్ నింపరు. మొదటి ఏడాది ఆకర్షణీయమైన రేటు ఇచ్చి, రెండో ఏడాది నుంచి వాళ్ళ ఇష్టం వచ్చిన రేటు వేయవచ్చు. సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి: రెండో ఏడాది రేటు ఎలా నిర్ణయిస్తారు? ఏడాదికి కనీసం ఇన్ని గ్యాలన్లు కొనాలన్న షరతు ఉందా? మానేస్తే ట్యాంకు తీసుకెళ్ళడానికి ఎంత తీసుకుంటారు? కట్టిన ఇల్లు కొంటుంటే ట్యాంకు ఎవరిదో ఆఫర్ దశలోనే తేల్చుకోండి, లోపల మిగిలిన గ్యాస్‌కి క్లోజింగ్‌లో లెక్క కడతారు. వీలైతే ట్యాంకు సొంతంగా కొనుక్కోండి. అప్పుడు నాలుగు కంపెనీలకి ఫోన్ చేసి బేరం చూసుకోవచ్చు.

గేజ్ 30 శాతానికి రాగానే ఆర్డర్ ఇవ్వండి. పూర్తిగా అయిపోతే మళ్ళీ నింపినప్పుడు లీక్ టెస్ట్ చేయాలి, దానికి అదనపు చార్జీ. ప్రొపేన్ గాలి కంటే బరువైనది, లీకైతే బేస్‌మెంట్ నేల మీద పేరుకుంటుంది. ప్రొపేన్ అలారం నేలకి దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ప్రతి అంతస్తులో పడగ్గదుల బయట పెట్టండి. ఇది వాయిదా వేయకూడని పని. 95 శాతం ఫర్నేస్‌ల పొగ గొట్టం తెల్ల ప్లాస్టిక్ పైపుగా గోడలోంచి బయటికి వస్తుంది. పెద్ద మంచు పడ్డ రోజు మొదట వెళ్ళి ఆ పైపు నోరు మూసుకుపోలేదని చూడండి.

హీటింగ్ ఆయిల్. పాత ఈశాన్య ఇళ్ళలో బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకుతో కనిపిస్తుంది. కొత్త ఇంటికి నేను సలహా ఇవ్వను. ఏటా శుభ్రం చేయించాలి, వాసన, ట్యాంకు తుప్పు. ఉన్న ఇల్లు కొంటే మాత్రం భయపడక్కర్లేదు, బాయిలర్ బాగుంటే నడిపించుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: భూమిలో పాతిన పాత ఆయిల్ ట్యాంకు ఉందేమో ఇన్‌స్పెక్షన్‌లోనే వెతికించండి. ట్యాంక్ స్వీప్ అంటారు. లీకై మట్టి పాడైతే శుభ్రం చేయించే ఖర్చు ఇంటి యజమాని మీద పడుతుంది, అది వేలల్లో ఉంటుంది.

కట్టెల స్టవ్. చెట్లున్న స్థలంలో ఇది అందమైన ఆలోచన, పని కూడా ఎక్కువే. కార్డ్ అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున పేర్చిన కట్టెలు, 128 ఘనపుటడుగులు. ఇల్లు మొత్తం దీనితోనే వేడి చేయాలంటే పై లెక్కలోని ఇంటికి సీజన్‌కి దాదాపు ఆరు కార్డులు కావాలి. కొట్టాలి, పేర్చాలి, ఆరబెట్టాలి, మోయాలి, బూడిద ఎత్తాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అది రోజూ జరిగే పని కాదు. అందుకే దీన్ని ప్రధాన హీటింగ్‌గా కాక, రెండోదిగా పెట్టుకోండి. ఆ పాత్రలో దీనికి సాటి లేదు.

కట్టె తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ కొలిచే మీటరు తక్కువ ధరలోనే దొరుకుతుంది, ముక్కని చీల్చి లోపలి వైపు కొలవండి. "సీజన్డ్" అని చెప్పి అమ్మే పచ్చి కట్టెలు చాలా ఉంటాయి. పచ్చి కట్టెలు కాలిస్తే చిమ్నీ లోపల క్రియోసోట్ అనే తారు లాంటి పొర పేరుకుని, ఒకరోజు అదే అంటుకుంటుంది. ఏడాదికోసారి చిమ్నీ శుభ్రం చేయించాల్సిందే. ఈపీఏ 2020 ప్రమాణాలకి సర్టిఫై అయిన స్టవ్ కొనండి, పొగ తక్కువ, వేడి ఎక్కువ. పెట్టించే ముందు టౌన్ పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి.

పెల్లెట్ స్టవ్ సులువు, 40 పౌండ్ల సంచులు పోస్తే చాలు, కానీ దానికి కరెంటు కావాలి. అందువల్ల బ్యాకప్‌గా పెద్దగా పనికిరాదు.

జియోథర్మల్. ఉత్తర రాష్ట్రాల్లో ఇరవై, ముప్పై అడుగుల లోతుకి వెళ్తే భూమి ఏడాదంతా 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. బోర్లు వేసి అందులో పైపులు దింపి, నీళ్ళు తిప్పి, ఆ వేడిని హీట్ పంప్‌కి అందిస్తారు. బయట మైనస్ ఉన్నా సీఓపీ పడిపోదు. ఖర్చు మాత్రం మామూలు హీట్ పంప్ కంటే చాలా ఎక్కువ, ఫెడరల్ క్రెడిట్ పోయాక ఇంకా బరువు. కొత్తగా కట్టిస్తూ, మంచినీళ్ళ బోరు కోసం డ్రిల్లింగ్ రిగ్ ఎలాగూ వస్తుంటే, అప్పుడు ఒక కొటేషన్ తీసుకోవడంలో అర్థం ఉంది.

గోడ వారగా ఉండే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లు పెట్టడానికి చవక, నడపడానికి అన్నిటికంటే ఖరీదు. ఎప్పుడో ఒకసారి వాడే గదికి సరే.

5. కరెంటు పోయిన రాత్రి ఏమిటి?

నా దృష్టిలో పల్లె ఇంటికి ఇదే అసలు ప్రశ్న. ఐస్ స్టార్మ్ వచ్చి చెట్టు తీగల మీద పడితే, మీ రోడ్డు వంతు వచ్చేసరికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఇల్లు చల్లబడితే పైపులు పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఏం జరిగిందో డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళని అడగండి. కరెంటు లేక ఇళ్ళు గడ్డకట్టి, పైపులు పగిలి, సీలింగులు కూలిన ఇళ్ళు ఎన్నో.

ప్రొపేన్ ఫర్నేస్ ఉంది కదా అనుకోవద్దు, దాని ఫ్యాన్‌కి, కంట్రోల్ బోర్డుకి కరెంటు కావాలి. ఆయిల్ బాయిలర్‌కీ అంతే. తేడా ఏమిటంటే, ఫర్నేస్‌ని ఒక చిన్న ఇన్వర్టర్ జెనరేటర్ నడిపించగలదు, ఇల్లంతా నడిచే హీట్ పంప్‌కి పెద్ద జెనరేటర్ కావాలి. బోరు పంపు సాధారణంగా 240 వోల్టులది, కాబట్టి జెనరేటర్ కూడా 240 ఇచ్చేదై ఉండాలి. కరెంటు లేకపోతే నీళ్ళూ ఉండవని పల్లె ఇంట్లో మర్చిపోకూడదు. ఇంటిని బయటి లైన్ నుంచి జెనరేటర్‌కి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్‌ని ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. జెనరేటర్‌ని గరాజ్‌లో, తలుపు తీసి ఉన్నా సరే, నడపకండి.

కట్టెల స్టవ్‌కి కరెంటు అక్కర్లేదు. ఫ్యాన్ లేని, గోడలోంచి పొగ పోయే ప్రొపేన్ రూమ్ హీటర్లు కూడా కొన్ని కరెంటు లేకుండా నడుస్తాయి. నేను చెప్పే నియమం ఒక్కటే: ఇంట్లో వేడికి రెండు దారులు ఉండాలి, ఆ రెండూ ఒకే తీగ మీద ఆధారపడకూడదు. కరెంటు రేటు తక్కువున్న చోట కోల్డ్ క్లైమేట్ హీట్ పంప్, దానికి తోడు కట్టెల స్టవ్. రేటు ఎక్కువున్న చోట ప్రొపేన్ ఫర్నేస్‌తో జత చేసిన హీట్ పంప్, దీన్ని డ్యూయల్ ఫ్యూయల్ అంటారు; దానికి తోడు, కరెంటు పోతే ఫర్నేస్‌ని నడిపే చిన్న జెనరేటర్. చలి మరీ ముదరనంతవరకు పంప్ నడుస్తుంది, ఒక ఉష్ణోగ్రత కంటే కిందికి పడ్డాక ఫర్నేస్ అందుకుంటుంది. ఆ మారే ఉష్ణోగ్రతని మీ రేట్ల లెక్కతో పెట్టమని చెప్పండి.

6. మన ఇళ్ళకి అదనంగా చూడాల్సినవి

పోపు ఘాటు, వేపుళ్ళ పొగ బయటికి పోవాలని మనవాళ్ళు స్టవ్ పైన 900, 1,200 సీఎఫ్ఎం చిమ్నీలు (రేంజ్ హుడ్‌లు) పెట్టిస్తారు. అది నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తుంది. బిగుతుగా కట్టిన ఇంట్లో ఆ గాలి స్థానంలో మరో గాలి ఎక్కణ్ణుంచో రావాలి, దొరక్కపోతే కట్టెల స్టవ్ చిమ్నీలోంచి పొగతో సహా వెనక్కి లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం అది. చాలా రాష్ట్రాల కోడ్‌లో 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కి మేకప్ ఎయిర్, అంటే పోయిన గాలి బదులు బయటి గాలిని లోపలికి తెచ్చే ఏర్పాటు అడుగుతారు. వంటింటి కాంట్రాక్టర్‌కి హీటింగ్ గురించి తెలియదు, హీటింగ్ అతనికి మన వంట గురించి తెలియదు. ఇద్దరికీ చెప్పాల్సింది మీరే. ఇంట్లో మంటతో నడిచే ప్రతి యంత్రమూ బయటి గాలినే తీసుకుని బయటికే వదిలే సీల్డ్ కంబషన్ రకం అయితే సగం చింత తీరుతుంది.

ఇంట్లో చెప్పులు లేకుండా నడుస్తాం, కింద కూర్చుంటాం. చల్లటి టైల్స్ మన కాళ్ళకి తెలిసినంతగా సాక్సులు వేసుకునేవాళ్ళకి తెలియదు. కొత్త ఇల్లయితే నేల కింద వేడినీళ్ళ పైపులు తిప్పే రేడియంట్ ఫ్లోర్ ఆలోచించండి. ఇల్లంతా వద్దనుకుంటే పూజ గది, బాత్రూముల వరకు ఎలక్ట్రిక్ మ్యాట్లు వేయించినా బాగుంటుంది. టైల్స్ వేశాక అది కుదరదు, ముందే చెప్పాలి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకి 68 డిగ్రీలు చాలవు, 74 కావాలి. వాళ్ళ గదికి విడిగా మినీ స్ప్లిట్ పెడితే ఇల్లంతా 74కి పెంచనక్కర్లేదు, వేసవిలో వాళ్ళకి ఏసీ వద్దన్నా అదే గది వరకు ఆపుకోవచ్చు.

డిసెంబర్, జనవరిలో ఇండియా వెళ్ళేవాళ్ళు ఎక్కువ. సంక్రాంతి చూసుకుని తిరిగొచ్చేసరికి ఇల్లు చెరువు కాకూడదంటే, థర్మోస్టాట్ 55 కంటే తగ్గించకండి. మెయిన్ వాల్వ్ కట్టేసి, బోరు పంపు బ్రేకర్ ఆపి, కుళాయిలు తెరిచి పైపుల్లో నీళ్ళు వదిలేయండి. వేడినీళ్ళతో నడిచే బాయిలర్ ఉంటే దానికి నీళ్ళందే వాల్వ్ సంగతి టెక్నీషియన్‌ని అడిగాకే ముట్టుకోండి. ఉష్ణోగ్రత పడిపోతే ఫోన్‌కి కబురు పంపే సెన్సర్ పెట్టండి, తాళంచెవి ఒక పొరుగింటివాళ్ళ దగ్గర ఉంచండి. ఇంట్లో హీటింగ్ ఉంచకపోతే, పైపు పగిలిన నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు ఇవ్వనని అనవచ్చు. పాలసీలో ఆ షరతు ఎలా ఉందో చదివి వెళ్ళండి.

7. కొటేషన్లు, పని చేయించడం

మార్చి నుంచి మే లోపు పిలవండి, అప్పుడు కాంట్రాక్టర్లకి తీరిక ఉంటుంది. కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. ప్రతి దానిలో మోడల్ నంబర్లు, మాన్యువల్ జె అంకె, 5 డిగ్రీల దగ్గరి శక్తి, బ్యాకప్ హీటర్ ఎన్ని కిలోవాట్లు, ప్యానెల్ పని, పర్మిట్ ఫీజు, డక్టుల సీలింగ్ వివరంగా ఉండాలి. మొత్తం ధర ఒక్క అంకెలో రాసిచ్చినవాణ్ణి మళ్ళీ రాయమనండి. 2025 నుంచి తయారయ్యే కొత్త యంత్రాల్లో వేడిని మోసే రిఫ్రిజరెంట్‌గా ఆర్-410ఏ బదులు ఆర్-454బీ, ఆర్-32 వాయువులు వస్తున్నాయి. రిపేరుకి వచ్చేవాడు ఎంత దూరం నుంచి వస్తాడో కూడా చూడండి. జనవరి రాత్రి మీ ఊరికి గంటలో రాగలిగే కంపెనీ పెట్టిన మామూలు యంత్రం, రెండు గంటల దూరంలో ఉన్న కంపెనీ పెట్టిన గొప్ప యంత్రం కంటే మేలు.

పని పూర్తయ్యాక చివరి చెక్కు ఇచ్చే ముందు హీటింగ్‌ని మీ ముందే నడిపించమనండి. ఆక్స్ హీట్ ఎప్పుడు వెలుగుతుందో, ఫిల్టర్ ఎక్కడుందో, ఆపాల్సి వస్తే ఏ స్విచ్‌తో ఆపాలో ఇంట్లో పెద్దవాళ్ళందరికీ చూపించండి. అక్టోబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం మెయిన్ బ్రేకర్ ఆపేసి, జెనరేటర్ పెట్టి, స్టవ్ వెలిగించి, బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో చూసుకోండి. ఏదైనా కుదరకపోతే బాగుచేయించుకోవడానికి అప్పటికింకా టైముంటుంది.